పదకొండు సెట్లు

మార్చి 3, సోమారం

గోహ్ సియాంగ్ తెక్‌కి రబ్బరు సెట్టు గీసి పాలు తియ్యడం నేర్పినోణ్ణి నానే. ఆడు మా తోటకి సిన్న దొరగా వచ్చిన సైనావోడు. నలబై ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆడు ఒక్క మీటింగులో గానీ, ఒక్క పేపరులో గానీ నా పేరు సెప్పలేదు.

అదొకటి. రెండోది ఇంకా పెద్దది. ఏడో నంబరు తోటలో ఆడు నలబైమూడు సెట్లు గాయం సేసినాడు. కత్తి బెరడు దాటి కట్టెకి దిగిపోయింది. కంపెనీ తనిఖీ దొర వచ్చి ఎవుడు సేసినాడని అడిగితే, నాను ముందుకొచ్చి "నానే దొరా" అన్నాను. ఆడు పక్కనే ఉన్నాడు. నోరిప్పలేదు. నా మండోర్ పని పీకేసినారు. ముప్పై మంది గీతగాళ్ళని అదిలించినోణ్ణి, మర్నాటి నుంచి ఆళ్ళ పక్కనే బాల్చీ మోసినాను. ఆడు కౌలాలంపూర్ ఎల్లిపోయినాడు.

ఎల్లి ఏటేటయినాడో నాకు తెలుసు. హెడ్డాఫీసులో సిన్న మేనేజరు, పెద్ద మేనేజరు, ఆకర్న కంపెనీ మొత్తానికే పెద్ద. మా తోట నరికించి పామాయిలు ఏయించిందీ ఆడే. తరవాత కోటు ఇప్పేసి పార్టీ సొక్కా తొడుక్కున్నాడు. ఒకసారి గెలిసినాడు. ఇప్పుడు ఇంకా పెద్ద సీటుకి నిలబడ్డాడు. మా సుంగై సిపుట్‌లో ఏ కరెంటు స్తంబం సూసినా ఆడి మొకమే, ఎడం సెయ్యి ఎత్తి నవ్వుతుంటాడు. ఆడిది ఎడమసెయ్యి వాటం.

ఈ పుస్తకం మీద కూడా ఆడి మొకమే. నా కూతురి కూతురు మోహనప్రియ ఆడి ఆఫీసులోనే పని సేత్తాది, అక్కడ ఊరికే పంచుతుంటే ఒకటి తెచ్చి నా మొకాన పడేసింది. "ఎప్పుడూ నీలో నువ్వు గొణుగుతావు తాతా, రాసుకో లా" అన్నాది. ప్రతి మాటకీ ఆ 'లా' తగిలించడం ఇక్కడి అలవాటు. దానికి తెలుగు సదవడం రాదు. మంచిదే. నా సదువు బజన గుళ్ళో పంతులు దగ్గిర మూడు వానాకాలాలు. ఆడి మొకం బల్ల మీద బోర్లా పెట్టి లోపల రాత్తన్నాను.

మార్చి 5, బుదవారం

ప్రియ ఫోనులో ఆడి మాటలు సూపించింది. ఏదో హాల్లో సెరామా, ఎలచ్చన్ల మీటింగు. కుర్సీలు నిండిపోయి ఉన్నాయి. ఆడు మలాయిలో మొదలెట్టి తమిళంలోకి దిగినాడు, ఎస్టేటు తమిళం, తోటల్లో తెలుగోళ్ళం కూడా మాటాడేదే, అదీ మా కూలీల లైను ఇళ్ళలో నేర్సుకున్నదే.

కుడి బొటనేలు ఎత్తి సూపించినాడు. దాని మీద తెల్ల గీత. "ఇది రబ్బరు కత్తి పెట్టిన సంతకం" అన్నాడు. "నాకు పని నేర్పిన గురువు మునియాండి. తమిళ పెద్దాయన. ఇప్పుడు లేడు. ఆయన నాతో ఒక మాట అన్నాడు. సెట్టుకి తెలీకుండా పాలు తియ్యాల, సెట్టుకి తెలిసిందంటే రేపు ఇవ్వదు, అని. రాజకీయం కూడా అంతే, కంపెనీ కూడా అంతే. నాను నలబై ఏళ్ళు ఆ మాట మీదే నడిసినాను."

సప్పట్లు. ముందు వరసలో ఒక ముసల్ది కళ్ళు తుడుసుకుంది.

నాను లేసి నిలబడ్డాను. "మునియాండి ఎవుడే? ఆ తోటలో మునియాండి అన్నోడే లేడు. మాదంతా తెలుగు లైను. నన్ను సంపేసినాడు. సంపి తమిళోణ్ణి సేసినాడు."

"నువ్వు సావలేదు కదా తాతా, మరెందుకు కోపం?" అన్నాది ప్రియ.

ఇలాటి జవాబులు దాని అమ్మమ్మ దగ్గిర నేర్సుకుంది.

మార్చి 6

ఆ మాట నాదే. సెట్టుకి తెలీకుండా అన్న మాట.

మార్చి 8, సనివారం

కాపీ కొట్టుకెల్లినాను. తాతబాబు ముందే వచ్చి కూకున్నాడు. నా పెళ్ళాం నూకమ్మ తమ్ముడు. నాకన్నా నాలుగేళ్ళు సిన్న, నోరు మాత్రం నలబయ్యేళ్ళు పెద్ద.

"ఏటి కసాయి బావా, ఇలా కూకో" అన్నాడు.

నలబై ఏళ్ళ నుంచి అదే పిలుపు. నా పెళ్ళాం బతికున్నప్పుడు దాని ఎదటే పిలిసేవోడు. అది ఒక్కనాడైనా తమ్ముణ్ణి ఒద్దనలేదు. సెట్లు కోసినోడు కసాయోడంట. ఎవుడి కోసం నింద మోసినానో తెలిస్తే ఆడి నోరు పడిపోతాది. సెప్పలేదు. మగోడు మోసిన బరువు సాటింపు ఎయ్యడు.

ఇయ్యేల మాత్రం సెప్పినాను. సైనావోడి ఫోను బొమ్మ గురించి, మునియాండి గురించి, నలబైమూడు సెట్లు ఆడు సేసిన పని అనీ, నాను ఆడి పరువు కాసినాననీ, అంతా.

తాతబాబు రొట్టి ముంచుకుని తిన్నాడు. మూతి తుడుసుకున్నాడు.

"అయితే నువ్వు దేముడివన్నమాట" అన్నాడు.

"ఎగతాళా?"

"లేదు బావా. దేముడికి దణ్ణం పెడతన్నాను. కాపీ తాగు, సల్లారిపోతంది."

మార్చి 10, సోమారం

ఆడి ఆఫీసు మనిషి శివనేశన్ ఇంటికొచ్చినాడు. తెల్ల సొక్కా, రెండు ఫోన్లు. సెప్పులు గుమ్మం బైట ఒగ్గేసి "అయ్యా, అయ్యా" అంటూ లోపలికొచ్చినాడు. ప్రియ ఆడి ఎనకాల నిలబడి సున్నీ నలుపుకుంటంది. శివనేశన్ తమిళంలో మాటాడినాడు, నాను తెలుగులో రాత్తన్నాను.

"అయ్యా, మాకు మునియాండి కావాల."

"సచ్చిపోయినాడని మీ వోడే సెప్పినాడు గదా."

"అవతలి పార్టీ వోళ్ళు అడుగుతున్నారు. మునియాండి ఎవుడు, ఏ తోట, ఏ లైను అని. వెతికినాం. దొరకలేదు. అప్పుడు మోహనప్రియ సెప్పింది, మా తాత అదే తోటలో మండోర్ అని. మా వైబీ, ఎమ్మెల్యే గారు, వెంటనే గుర్తుపట్టినారు, 'మండోర్ ఇంకా ఉన్నాడా' అన్నారు."

నా గుండె లేసింది. అబద్దం ఎందుకు, లేసింది.

"నా పేరు పోలయ్య. బోని పోలయ్య" అన్నాను.

"ఆ సంగతే మాటాడదామని వచ్చినాను. పోస్టర్లు, వీడియోలు, అన్నిట్లోనూ మునియాండి అని ఎల్లిపోయింది. ఇప్పుడు పేరు మారిస్తే మొత్తం అబద్దమంటారు. మీరు ఇరవైరెండో తారీకు సనివారం పెద్ద సెరామాలో వేదిక ఎక్కండి. మునియాండి అంటాం. మీరేటీ మాటాడక్కర్లేదు. వైబీ మీ కాళ్ళకి దణ్ణం పెడతారు."

"సచ్చినోడు ఎలా లేత్తాడు?"

"సచ్చిపోయినాడనుకున్నాం, బతికే ఉన్నాడని తెలిసింది, అంటాం. అది ఇంకా మంచిది అయ్యా. జనం ఏడుత్తారు."

నాను ఆణ్ణి గుమ్మందాకా తోలినాను. సెప్పులు తొడుక్కుంటూ ఆడు ప్రియ వైపు సూసి, "ఈ నెలాకరికి మీ కాంట్రాక్టు అయిపోతాది కదా? వైబీతో నాను మాటాడతాను" అన్నాడు. మెల్లిగానే అన్నాడు. నా సెవులు ఇంకా పనిసేత్తన్నాయి.

ఆడెల్లినాక ప్రియ నా ఎదురుగా కూకుంది. రెండేళ్ళ నుంచి మూడు మూడు నెలల కాగితాల మీద నడుస్తంది దాని పని. పర్మనెంటు అయితే పని ఎతుక్కుంటూ ఇప్పో టౌనుకి ఎల్లక్కర్లేదు, నా దగ్గిరే ఉంటాది.

"ఒక్క గంట తాతా. నిలబడితే చాలు. నీకు కావలసింది అదే కదా? ఆయన అందరి ముందు దణ్ణం పెడతానన్నారు."

"నాకు కాదు, మునియాండికి."

"ఏన్ తాతా, ఎందుకిలా? పేరులో ఏముంది లా?"

దాని తప్పు కాదు. దాని వయసులో నాను కూడా పని కోసం పేరు ఒదులుకునేవోణ్ణే.

మార్చి 12, బుదవారం

ఆడే వచ్చినాడు. ఎనిమిది నిమిషాలున్నాడు. జుట్టు తెల్లబడింది, పొట్ట లేదు. నన్ను సూడగానే "మండోర్!" అని రెండు సేతులూ పట్టుకున్నాడు. ఫొటో తీసినారు. నీళ్ళిత్తే తాగినాడు.

నూకమ్మ పటం సూసినాడు.

ఏటేటో అన్నాడు. అయ్యి రాయను.

మార్చి 13

వాన. రాయడానికేటీ లేదు.

ఆ మాట నాదే.

మార్చి 15, సనివారం

తాతబాబుని మోటారుసైకిలు తియ్యమన్నాను. "ఎక్కడికి?" అన్నాడు. "ఏడో నంబరుకి" అన్నాను. "అక్కడేముంది, పామాయిలు" అన్నాడు. "ఏటి గట్టున ఒక ముక్క మిగిలింది. వరదొత్తాదని ఒగ్గేసినారు. సెట్లు ఇంకా ఉన్నాయి. నీకు సూపించాల, ఆ గాయాలు ఎవుడివో."

ఆడు బండి తాళం సేతికి తీసుకున్నాడు. "ఇప్పుడెందుకు బావా?" అన్నాడు. నా సెవికెక్కలేదు.

ఇద్దరు ముసలోళ్ళం ఒక బండి మీద. గతుకులొచ్చినప్పుడల్లా ఆడు "దేముడూ, దిగిపోకు" అని నన్ను ఆటపట్టించినాడు. పామాయిలు తోటలోంచి ఎర్రమట్టి దారి, తరవాత దారి కూడా లేదు. బండి ఒగ్గేసి నడిసినాం.

ఆకు రాలే కాలం. రబ్బరు సెట్లన్నీ బోడిగా ఉన్నాయి, కింద ఎర్ర ఆకులు మడమలదాకా. నాకు వాసన తగిలింది. ముప్పై ఏళ్ళయింది ఆ వాసన పీల్సి. కుళ్ళిన పాలు, తడి ఆకు.

సెట్టు పైకి పెరుగుతాది గానీ గాయం ఉన్నకాడే ఉంటాది. గీసినోడి నడుము ఎత్తులో, సేతి ఎత్తులో, బొడిపెలు కట్టి అలాగే ఉంటాది. పని తెలిసినోడికి అది ఆడి మొకం సూసినట్టే. కత్తి ఎడం పక్క పైనుంచి కుడి పక్క కిందికి నడవాల. కంపెనీ కత్తి కుడి సెయ్యోడికి సేసింది. ఎడమసెయ్యోడు అదే కత్తి పడితే, కింద కొసకొచ్చేసరికి మణికట్టు తిరగక కత్తి లోపలికి దిగిపోతాది. ఆడి గాయం కింద కొసనే పడతాది. కుడి సెయ్యోడు తొందరపడితే పై కొసన, కత్తి పెట్టినకాడే దిగుతాది.

ఏటి వారన వరస ఆడిది. ఆడు నేర్సుకోడానికని నాను ఇచ్చిన వరస, పదకొండు సెట్లు. రెండు పడిపోయినాయి. తొమ్మిదున్నాయి. ఒకో సెట్టు దగ్గిరకీ ఎల్లి తడిమినాను. కింద కొసన బొడిపెలు, పిడికిలంత.

"సూసినావా! ఇది ఎడమసెయ్యి కాదేటి? సెప్పు! నువ్వూ గీతగాడివే గదా, సెప్పు!"

తాతబాబు వొంగి తడిమినాడు. "ఎడమసెయ్యే" అన్నాడు.

"నలబై ఏళ్ళు నన్ను కసాయన్నావు."

ఆడు లోపలికి నడిసినాడు, రెండో వరసకి, మూడో వరసకి. ఒక సెట్టు దగ్గిర ఆగి నన్ను పిలిసినాడు. నాను ఎల్లలేదు. మళ్ళీ పిలిసినాడు. ఎల్లినాను.

నా సెయ్యి పట్టుకుని, సంటిపిల్లోడి సేత అచ్చరాలు దిద్దించినట్టు, బెరడు మీద పెట్టినాడు. పై కొసన. బొడిపె. ఇంకో సెట్టు. పై కొసన. ఇంకోటి.

"ఇది ఏ సెయ్యి బావా?"

ఏటిలో నీళ్ళు పోతన్నాయి. ఎక్కడో కోతులు.

"ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదు?" అన్నాను.

"అననిదెప్పుడు? రోజూ కసాయి అన్నాను గదా. పరాయోడి నింద మోసినోణ్ణయితే కసాయంటానేటి? నీ సెయ్యి లైనులో ఎవుడికి తెల్దు? మా అక్కకి తెల్దా?"

తిరిగొచ్చేటప్పుడు బండి మీద ఆడు నన్ను దేముడనలేదు. కసాయీ అనలేదు. గతుకు వచ్చినప్పుడు "గట్టిగా పట్టుకో బావా" అన్నాడు, అంతే.

మార్చి 16

సెయ్యి రాలేదు.

మార్చి 17, సోమారం

రాత్తాను. ఎవుడు సదువుతాడు గనక.

ఆ ఏడు ఆకు రాలే కాలం. సెట్టు బోడిగా ఉన్నప్పుడు పాలు తగ్గుతాయి, అందరికీ తెలిసిందే, గీత తగ్గించాల. గోహ్ తోటకొచ్చి అయిదు నెలలు, ఇరవై రెండేళ్ళోడు. హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది, ఏ సిన్న దొర తోటలో పాలు తగ్గకుండా సూపిత్తే ఆణ్ణి కౌలాలంపూర్ తీసుకుంటామని. ఆడు ఆ కాగితం పట్టుకుని నా దగ్గిరకొచ్చినాడు. "మండోర్, ఏటి సెయ్యాల?" అన్నాడు. పెద్ద కంగాణి, మండోర్లందరి మీద పెత్తనం సేసేవోడు, ముసలోడయిపోయినాడు, ఆడి సోటు కాళీ అవుతాది, నాను అడగకుండానే ఆ మాట కూడా అన్నాడు. "నాను పైకెల్తే నీ పేరు సెప్తాను."

నానన్నాను, "కత్తి లోపలికి దించితే వత్తాది దొరా."

ఇదీ నాను ఆడికి నేర్పిన పని. ఇదొక్కటే.

ఆడు తన పదకొండు సెట్ల మీద దించినాడు. గీతగాళ్ళు దించమంటే దించలేదు, అందుకని మిగతా సెట్లు నానే దించినాను. రోజూ ఎవుడో ఒకడికి "నువ్వు ఇయ్యేల మానెయ్యి, నీ వరస నాను సూసుకుంటాను" అనేవోణ్ణి. వందల సెట్లు దించితే కొన్నిటికి కత్తి కట్టెదాకా పోయింది. పాలు పెరిగినాయి. రెండు నెలలు మా తోట పేరు పైకెల్లింది.

నూకమ్మకి తెలిసిపోయింది. దాని వరస పక్కనే. సంజకాడ బాల్చీలు కడుగుతూ అన్నాది, "ఆకు రాల్సుకుని బోడిగా నిలబడ్డ దాన్ని అలా కోత్తావేటి? ఒట్టిపోయిన ఆవుని కాళ్ళు కట్టి పిండినట్టుంది. సెట్టుకి తెలీకుండా పాలు తియ్యాల. తెలిసిందంటే రేపు ఇవ్వదు."

ఆ మాట దానిది.

సైనావోడు అప్పుడు అక్కడే ఉన్నాడు, సైకిలు పట్టుకుని. ఇని నవ్వినాడు.

తనిఖీ దొర వచ్చినప్పుడు ఆడి జేబులో బదిలీ కాగితం ఉంది. నాకు కనబడతంది, తెల్ల కొస. "ఎవుడు?" అని దొర అడిగినాడు. ఆడు నా కేసి సూసినాడు. నానే దొరా అన్నాను. అది అబద్దం కాదు. అదే నా సిక్కు. నిజం సెప్పి, అబద్దం సెప్పినోడినాగ నలబై ఏళ్ళు సాతీ ఇరుసుకుని తిరిగినాను. ముప్పైరెండు సెట్లు నావి. ఆడి పదకొండూ నా నెత్తిన పెట్టుకుంటే, నా ముప్పైరెండూ ఆడి కిందికి పోయినట్టు నాకనిపించింది. ఎలా అనిపించిందో, ఎప్పుడు అలవాటైపోయిందో తెల్దు.

మొన్న బుదవారం ఆడు అన్నది కూడా రాత్తాను.

నూకమ్మ పటం సూసి, "నీ ఇంటావిడ పోయిందా?" అన్నాడు. నాలుగేళ్ళయిందన్నాను. పటం దగ్గిరకెల్లి నిలబడ్డాడు. "ఆవిడ నా కత్తి తీసుకుని రెండో పక్క రాతి మీద నూరి ఇచ్చింది. ఎడమసెయ్యోడికి ఈ కంపెనీ కత్తి పనికిరాదు నాయినా, ముందు కత్తి మార్సు, తరవాత సెయ్యి అన్నాది. దాని తరవాత నాను ఒక్క సెట్టు గాయం సెయ్యలేదు. ఆవిడే నా గురువు."

"మరి మునియాండి?"

సిగ్గుపడ్డాడు. పడ్డాడో, పడ్డట్టు సూపించినాడో. "ఆ మాట ఎవుడన్నాడని మా వోళ్ళు అడిగినారు. ఒక ఆడమనిషి, పేరు గుర్తులేదు అన్నాను. వేదిక మీద ముసలోడైతే బాగుంటాదన్నారు. పేరు శివనేశన్ పెట్టినాడు."

నాను అడిగినాను, "నలబైమూడు సెట్ల సంగతి?"

అప్పుడు ఆడి మొకం మారింది. పోస్టరు మీద మొకం కాదు, కంపెనీ మొకం. "ఆ కంపెనీ ఇప్పుడు లేదు మండోర్" అన్నాడు. గడియారం సూసుకున్నాడు.

నా పేరు అడగలేదు. దాని పేరూ అడగలేదు. నాను కూడా సెప్పలేదు. నా పెళ్ళాం పేరు సెప్తే నా పేరు పోతాదని నోరు మూసుకున్నాను. నలబై ఏళ్ళు నా పేరు సెప్పలేదని ఆణ్ణి తిట్టినోణ్ణి, దాని పేరు నాను ఎక్కడ సెప్పినాను?

మార్చి 18, మంగళవారం

ప్రియని కూకోబెట్టి ఉత్తరం రాయమన్నాను. నాను తెలుగులో సెప్తాను, అది ఇంగిలీసులో కొట్టాల. నాను ఏటి అడుగుతన్నానో, ఎప్పటిలోపల కావాలో నాలుగు ముక్కలు సెప్పేసరికి ఆపేసింది.

"తాతా, ఇది ఇస్తే నా పని పోతుంది."

"పోవచ్చు."

"నీకు నలబై ఏళ్ళు గుర్తు రాలేదు, ఇప్పుడు నా కాంట్రాక్టు వారంలో గుర్తొచ్చిందా?"

మాట తగిలింది. సరైన కొసనే తగిలింది.

"అవును" అన్నాను. "తప్పే. నువ్వు కొట్టకపోతే కాపీ కొట్టు పక్కన టైపు సేసోడి దగ్గిరకెల్తాను. నీ పేరు ఎత్తను."

"ఆయన మంచి ఎమ్మెల్యే తాతా. నిజంగా. రోజూ ఎంతమంది వస్తారో నీకు తెలీదు. ఐసీ గుర్తింపు కార్డు లేని ముసలాళ్ళకి తనే ఎల్లి చేయిస్తారు. ఇది బైటికొస్తే ఓడిపోతారు. అవతలి వాడు ఎలాంటోడో తెలుసా నీకు?"

"ఓడమని అడగలేదు. ఒక పేరు సెప్పమన్నాను. పదకొండు సెట్లు ఒప్పుకోమన్నాను. పదకొండు సెట్లకే ఓడిపోయేటంత పలసన మనిషైతే, ఐసీ కార్డు ఇంకెవుడైనా సేయిత్తాడు."

అది లేసి గదిలోకెల్లిపోయింది. తలుపేసుకుంది. అన్నం వండలేదు. నానే వండినాను. పిలిత్తే రాలేదు.

మార్చి 19, బుదవారం

పొద్దున్న లేసేసరికి బల్ల మీద కాగితం ఉంది, ఇంగిలీసులో కొట్టి. నిన్న సెప్పిన నాలుగు ముక్కలే కాదు, దానికి ముందెప్పుడూ సెప్పనివి కూడా ఉన్నాయంట. నాను నిద్దరోయినాక ఈ పుస్తకం తీసుకెల్లి తాతబాబు సేత సదివించుకుందంట. ఆడికి తెలుగు సదవడం వచ్చని నాను మరిసిపోయినాను. ఇద్దరూ ఒకటే. తిడదామనుకున్నాను.

"అంతా పెట్టినాను" అన్నాది. "నేను ఇయ్యను కానీ. నువ్వే ఇయ్యాల. నా ముందు ఇయ్యొద్దు."

సెప్పులు తొడుక్కుని గుమ్మంలో ఆగింది. "అమ్మమ్మ ఇంటిపేరు ఏమిటి తాతా, పెళ్ళికి ముందు? అది ఒక్కటే కాళీ ఒగ్గేసినాను."

"గొర్లె."

అది కాగితం మీద పెన్నుతో రాసి పనికెల్లిపోయింది.

ఈ మద్దినేళ తాతబాబు బండి మీద ఎల్లి ఆడి ఆఫీసు కిటికీలో శివనేశన్ సేతికిచ్చి, అందిందని సంతకం తీసుకున్నాను. ఆడు "ఏటిది అయ్యా?" అన్నాడు. "మునియాండి సచ్చిపోయినాడు, ఆ కబురు" అన్నాను. తాతబాబు బైట బండి మీద కూకుని నవ్వినాడు.

పొద్దున్న ప్రియ సదివి ఇనిపించిన ఉత్తరం నకలు తెలుగులో ఇక్కడ రాసుకుంటన్నాను. ఆడి దగ్గిర ఒకటుంటే నా దగ్గిర ఒకటుండాల.

గోహ్ సియాంగ్ తెక్‌కి, నీ తోట మండోర్ రాసేది.

నువ్వు వేదిక మీద సెప్పే మాట మునియాండిది కాదు, నాదీ కాదు. గొర్లె నూకమ్మది. ఆమె రబ్బరు గీతగత్తె. ఇరవై ఆరేళ్ళు గీసింది, ఒక్క సెట్టు గాయం సెయ్యలేదు. నీ కత్తి నూరి ఇచ్చింది. ఆమె నా పెళ్ళాం. ఇన్నాళ్ళు ఆమె పేరు సెప్పనందుకు నీకన్నా నాది ఎక్కువ తప్పు, ఎందుకంటే నాకు పేరు గుర్తుంది.

ఏడో నంబరులో గాయపడిన నలబైమూడు సెట్లలో ముప్పైరెండు నావి. మొన్న ఎల్లి తడిమి సూసుకున్నాను, నా సెయ్యే. కత్తి లోపలికి దించమని నీకు నేర్పింది కూడా నానే. అది నాను ఒప్పుకుంటన్నాను. దానికి శిక్ష అనుబవించినాను.

పదకొండు నీవి. కింద కొసన, ఎడమసెయ్యి. రెండు పడిపోయినాయి, తొమ్మిది ఇంకా నిలబడి ఉన్నాయి. నమ్మకం లేకపోతే వచ్చి తడుముకో. ఆ కంపెనీ లేదన్నావు. సెట్లున్నాయి. వాటి పాల మీద నువ్వు కౌలాలంపూర్ ఎల్లినావు.

ఇరవైరెండో తారీకు సనివారం నాను నీ వేదిక ఎక్కుతాను. నువ్వు పిలిసినావు కాబట్టి ఎక్కుతాను. ఎక్కినాక నా ముప్పైరెండూ నానే సెప్తాను. నా ముందుగానీ నా తరవాతగానీ నీ పదకొండూ నువ్వు సెప్పాల, నూకమ్మ పేరు నువ్వు సెప్పాల. నీ పదకొండు నాను సెప్పను. ఇంక మొయ్యను కూడా.

మోహనప్రియ పనికీ ఈ కాగితానికీ సంబందం పెట్టొద్దు. పెడితే నువ్వు కత్తి మార్సుకున్నావు గానీ సెయ్యి మార్సుకోలేదని ఊరందరికీ తెలుత్తాది.

ఏది సేత్తావో సెప్పు. మనిషి సేత కబురు పంపొద్దు, ఫోను సెయ్యొద్దు. కాగితం మీద, నీ సంతకంతో. ఇరవై ఒకటో తారీకు శుక్రారం సాయంత్రం ఆరు గంటల లోపల నాకు జవాబు కావాల. ఆ కాగితం మీద పైన నా పేరు రాయి. మండోర్ అని కాదు.

బోని పోలయ్య.